ఊరిసభ, బడిసభ: స్త్రీల కర్తవ్యము

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ సామెత పురుషులకు ప్రోత్సాహముగను, స్త్రీలకు సంకెలగను వాడబడుచున్నది. ఇల్లు చక్కబెట్టుకొని రచ్చకు పొమ్మని పురుషునకు చెప్పిన నోరే, ఇల్లే నీకు రచ్చయని స్త్రీకి చెప్పును. కాని నేటి సంసారములలో ఇంటికిని రచ్చకును నడుమ గోడ యెక్కడ నున్నది? కుళాయిలో నీరు ఏ వేళకు వచ్చునో, వీధికాలువ యెన్నడు శుభ్రపడునో, మన బిడ్డ చదువు బడిలో ఎందరు ఉపాధ్యాయులుందురో, మధ్యాహ్నము వాడు తినెడి అన్నము చక్కగా ఉడికినదో లేదో, ఇవి యన్నియు ఇంటి సంగతులే. వీనిని నిర్ణయించునది మాత్రము రచ్చయే. కావున సోదరీమణులకు మేమొక విన్నపము చేయనెంచితిమి. ఊరిసభకును బడిసభకును మనము పోవలెను. పోయి ఊరకుండక మాటాడవలెను.

సభకు స్త్రీ పోవుట మన సంప్రదాయము కాదని కొందరందురు. వారు మన గ్రంథములను శ్రద్ధతో చదివినవారు కారని మేము తలంచుచున్నాము. బృహదారణ్యకోపనిషత్తులో జనకమహారాజు సభయందు యాజ్ఞవల్క్యుని ఎదుర్కొని ప్రశ్నలపై ప్రశ్నలు వేసినది గార్గి. భారతమున సభాపర్వములో, తన్ను పిలువవచ్చిన ప్రాతికామిని ద్రౌపది మరల సభకు పంపి, ధర్మరాజు ముందుగ తన్ను తా నోడెనా లేక నన్నోడెనా యని అడిగించినది. ఆ ఒక్క ప్రశ్నకు భీష్మునివంటి వృద్ధుడును తిన్నని సమాధానము చెప్పజాలక ధర్మము సూక్ష్మమనెను. సమాధానము చెప్పవలసినవారు చెప్పక మౌనము వహించిన సభ యేమయ్యెనో మన మెరుగుదుము. ప్రశ్న అడుగుట అవినయము కాదు. అడుగవలసినచోట అడుగకుండుటయే చేటు.

పురాణములను కొంచెము ప్రక్కనుంచి, మన పత్తిచేల నడుమ, మిరపకల్లముల నడుమ జరిగిన కథ నొకదానిని తలచుకొందము. చీరాల, పేరాల యను జంట గ్రామముల పేరు వినని తెలుగువారుండరు. నేడవి బాపట్ల జిల్లాలోనివి. 1970 వరకు గుంటూరు జిల్లాలోనివి, పిదప 2022 వరకు ప్రకాశము జిల్లాలోనివి. అచటి ప్రజలలో పెక్కుమంది మగ్గమును నమ్ముకొన్న నేతపనివారును, చిన్న రైతులును. అప్పటి మద్రాసు ప్రభుత్వము 1919లో ఆ గ్రామములను కలిపి పురపాలకసంఘముగ చేసెను. యూనియనుగా నున్న కాలమున ఏటికి సుమారు 4,000 రూపాయలుగ నుండిన పన్ను సుమారు 40,000 రూపాయలయ్యెడి స్థితి వచ్చెను. పేరు పెద్దది, పన్ను పెద్దది. పేదవాని పడుగు పేకలు మాత్రము వెనుకటివే. మాకీ పురపాలకసంఘము వలదని ప్రజలు పదేపదే మొరపెట్టుకొనిరి. ఆ మొర ఫలింపలేదు. పన్ను కట్టమని నిలిచినవారికి శిక్షలు పడెను. అట్లు చెరసాలకు పోయినవారిలో ఒక స్త్రీయు నుండెను.

వారికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన పండితుడు. చదివిన చదువును ఊరి పేదల కొరకు ధారవోసి, 'రామదండు' అను సేవాదళమును కూర్చెను. 1921 ఏప్రిలులో, బెజవాడ కాంగ్రెసు సభ ముగిసిన పిదప గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, ప్రజలకు రెండు మార్గములు చూపెను. హింసకు లోనుగాక పన్ను నిరాకరించి కష్టముల ననుభవించుట మొదటిది. ఊరు విడిచి పురపాలకపు హద్దులకు వెలుపల నివసించుట రెండవది. ప్రజలు రెండవ దానిని గైకొనిరి. సుమారు 15,000 జనములో 13,000 మందికి పైగా తమ యిండ్లు వాకిండ్లు విడిచి, రామనగరమని పేరిడిన తాటాకు గుడిసెలలో పదునొకండు నెలలు గడపిరి. వేసవి యెండలు, వానలు, చలి యన్నియు అచటనే గడచెను. ఆ నగరములో వారు తమ సభను తామే యేర్పరచుకొనిరి, తగవులు తామే తీర్చుకొనిరి. గోపాలకృష్ణయ్యగారు ఆ యేడే బరంపురమున నిర్బంధింపబడి యేడాదికాలము చెరసాల ననుభవింపవలసి వచ్చెను. నాయకుడు లేక, చేతిలో చిల్లిగవ్వ లేక 1922లో ప్రజలు తిరిగి ఇండ్లకు చేరిరి. పురపాలకసంఘము నిలిచెను. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువది యేండ్లైన నిండకమునుపే, దివంగతులైరి.

ఈ కథ వినినప్పుడెల్ల మాకు రెండు సంగతులు తోచుచుండును. మొదటిది, ఆ పదునొకండు నెలలు తాటాకు పందిళ్లలో పొయ్యి రాజేసినవారు, చంటిబిడ్డను ఎండకు మరుగుజేసినవారు, వానలో బియ్యపుకుండకు తావు వెదకినవారు స్త్రీలే కదా! ఉద్యమము చరిత్రలో పురుషుల పేరుతో నున్నను, దాని బరువు సగము స్త్రీల నెత్తిన నుండెను. రెండవది, ఆ ప్రజల కోపము పురపాలకసంఘ మనెడి వస్తువుమీద కాదు. తమ్మడుగక, తమ మాట వినక, తమ మీద పెట్టిన సభమీద. సభ ప్రజల పేరిట నుండి, ప్రజల నోటిమాట అందులో లేకున్న, అది పన్ను వసూలుచేయు యంత్రమే యగునుగాని సభ కాదు.

ఆ కథ ముగిసినదనుకొనుట పొరపాటు. మేము గుంటూరు నగరమునకు అంటియున్న పేటలలో నొకదానియందు కాపురముండువారము. గుంటూరు పురపాలకసంఘము 1866లో ఏర్పడి 1994లో నగరపాలక సంస్థయయ్యెను. 2012లో గోరంట్ల, నల్లపాడు, పెదపలకలూరు, ఏటుకూరు, బుడంపాడు మొదలగు పది గ్రామములు అందులో కలుపబడెను. కలిసిననాడు ఆ గ్రామములకు పంచాయతీ పోయెను, సర్పంచు పోయెను. పోనిమ్ము, నగరసభలో ప్రతినిధి యుండునుగదా యందుమా, 2010లో గడువు తీరిన ఆ సభకు 2021 మార్చి వరకు ఎన్నికలే జరుగలేదు. సుమారు తొమ్మిదేండ్లు ఆ గ్రామవాసులకు తమ వీధి దీపమును గూర్చి అడుగ పంచాయతీయును లేదు, నగర సభ్యుడును లేడు. అధికారులు ఉండిరి. వారిలో మంచివారును ఉండిరి. కాని అధికారి బదిలీయై పోవును. మనమెన్నుకొన్నవాడు మరల మన గడపకు రావలసినవాడు. ఈ భేదము సామాన్యమైనది కాదు.

ఇక చట్టము మనకేమి యిచ్చినదో చూతము. 1921లోనే మద్రాసు రాజధానిలో స్త్రీలకు శాసనసభ యెన్నికలలో ఓటు లభించినది. కాని ఆస్తి గలవారికే ఆ హక్కు గాన, అది కొందరి పాలిటి దయ్యెను. స్వతంత్ర భారతమున ఓటు అందరిదయ్యెను. 1992లో రాజ్యాంగమునకు జరిగిన 73, 74వ సవరణములచే గ్రామ, పట్టణ సభలలో మూడవవంతునకు తగ్గకుండ స్త్రీలకు స్థానము లేర్పడెను. అవి 1993లో అమలునకు వచ్చెను. పిదప మన రాష్ట్రము ఆ భాగమును సగమునకు పెంచినది. బడి విషయమున 2009 నాటి విద్యాహక్కు చట్టము మరింత స్పష్టముగ చెప్పినది. ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ యుండవలెను. అందులో నాలుగింట మూడు పాళ్లు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. కమిటీ సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. ఆ కమిటీ పాఠశాల నడకను కనిపెట్టి చూడవలెను, పాఠశాలాభివృద్ధి ప్రణాళికను తయారు చేయవలెను, వచ్చిన సొమ్ము వినియోగమును పరిశీలింపవలెను.

ఇవి కాగితముమీది మాటలే కావు. 2019 నవంబరులో ఒంగోలులో ఆరంభింపబడిన 'నాడు నేడు' పనులలో బడికట్టడముల బాగుచేత తల్లిదండ్రుల కమిటీల చేతిమీదుగ జరుగ నేర్పాటైనది. 2024 ఆగష్టు 8వ తేదీన రాష్ట్రమంతట కమిటీల యెన్నికలు జరిగెను. ఆ యేడు డిసెంబరు 7న పాఠశాలలన్నిటను ఒక్కనాడే తల్లిదండ్రులను పిలిచి సభలు జరిపిరి. బాపట్ల పురపాలకోన్నత పాఠశాలలోని సభకు ముఖ్యమంత్రియే వచ్చెను. చీరాలవారు తమ్మడుగలేదని ఊరు విడిచిరి. నేడు మనల నడుగవచ్చినవారికి మనమేమి సమాధానము చెప్పుచున్నాము?

మా యింటివారు బడిపంతులు. అందుచే ఆ కమిటీల మంచిచెడ్డలు మా వంటింటివరకు వచ్చుచుండును. పలుచోట్ల సభ యెట్లు జరుగునో చెప్పెదము. సభ మూడుగంటలకని చీటీ వచ్చును. మాఘ ఫాల్గుణములలో మూడుగంటలకు తల్లి యెచ్చట నుండును? మిరపకోతలో నుండును. కోత లేనినాడు కల్లములో తాలుకాయ యేరుచుండును, లేదా నగరములో తొడిమలు తీయు పనికి పోయియుండును. కార్తీకము మొదలు పత్తితీతలు ఉండనే యుండును. ఒక పూట సభకు వచ్చినచో ఒక పూట కూలి పోవును. కావున ఆమె రాదు. ఆమెకు బదులు భర్త వచ్చును, లేదా ఎవరును రారు. కొన్ని దినములకు మినిట్సు పుస్తకము ఇంటికే వచ్చును. తీర్మానములు అందులో ముందే వ్రాయబడియుండును. ఆమె వ్రేలిముద్రయో సంతకమో చేయును. ఏమి వ్రాసిరని అడుగదు. అడిగిన ఏమనుకొందురోయని భయము. ఇట్లు కాగితముమీద స్త్రీలు సగము, సభలో శూన్యము.

దీనికి పంతుళ్లను మాత్రమే నిందించుట న్యాయము కాదు. బడి సాయంకాలమునకు ముగియును. వారికిని సంసారములు కలవు. మరియు సభకు చాలినంత మంది రాకున్న తీర్మానము నిలువదు, తీర్మానము లేక బడికి సొమ్ము కదలదు. అందుచే పుస్తకము ఇంటికి పంపుట సులభోపాయమైనది. సులభోపాయము అలవాటయ్యెను, అలవాటు ఆచారమయ్యెను.

మాకు తెలిసిన ఒక బడిలో, పేరు చెప్పుట యనవసరము, కమిటీలోని తల్లులు కొందరు కలిసి, సభను దీపాలవేళకు మార్చుడని కోరిరి. పంతులుగారు మొదట జంకి, పిదప ఒప్పుకొనిరి. ఆనాడు కోతనుండి వచ్చి, చేతుల మంట చల్లార మజ్జిగ రాచుకొని, పదునొకండుగురు స్త్రీలు బడికి వచ్చిరి. మేమును వెనుక బల్లమీద కూర్చుంటిమి. సంగతులన్నియు యథావిధి చదువబడెను. చివరకు ఏమైన చెప్పవలసినది కలదాయని అడుగగా, చదువురాని యొక తల్లి లేచి, కొంగు సర్దుకొని, "అయ్యగారూ, ఆడపిల్లల దొడ్డికి తలుపున్నది గాని గడియ లేదండీ. నీళ్లు కూడా లేవు. మా పిల్ల పొద్దున బయలుదేరేటప్పుడు మంచినీళ్లు తాగటం మానేసింది. ఇది పుస్తకంలో రాయండి" అనెను.

సభ కొంచెము సేపు నిశ్శబ్దమయ్యెను. ఆ బడిలో ఎన్ని తనిఖీలు జరిగినవో, ఎన్ని నివేదికలు పోయినవో! మరుగుదొడ్డి 'కలదు' అని వ్రాసినవారే గాని, పిల్లలు నీళ్లు త్రాగుట మానివేసిరని ఎవరును వ్రాయలేదు. వ్రాయుటకు వారికి తెలియదు. తెలిసినది తల్లికి. తీర్మానము వ్రాసిరి. ఆమె వ్రేలిముద్ర వేసినది. ఈసారి తన మాటకు తాను వేసినది. వారము దినములలో గడియ వచ్చెను. నీటిగొట్టమునకు అంచనా వేసిరి, సొమ్ము మంజూరు కావలెనన్నారు, మేము వ్రాయునాటికి గొట్టము ఇంకను రాలేదు. ప్రతి సభలోను ఆమె లేచి దానినే అడుగుచున్నది. అడుగుట మానినచో ఆ యంచనా కాగితము బీరువాలోనే యుండునని ఆమెకు తెలియును.

ఇట్టి సంగతి మరియొకటి. 2022లో 117వ నెంబరు ఉత్తరువుచే కొన్ని ప్రాథమిక పాఠశాలలలోని 3, 4, 5 తరగతులు దగ్గరి ఉన్నత పాఠశాలలకు మార్చబడెను. ఒక్కొక్క పాఠమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడుండునని దానిని మెచ్చినవారు కలరు. ఎనిమిదేండ్ల బిడ్డ బస్సులు లారీలు పరుగెత్తు బాట దాటి నడువవలెనని వగచినవారును కలరు. 2025లో ఆ విధానము మారినది. ఏది మంచిదను వాదము ఇచట మేము తలపెట్టము. మేము చెప్పునది ఒక్కటే. కిలోమీటరు దూరమును పటముమీద కొలుచుట సులభము. ఆ కిలోమీటరులో కాలువ యెచ్చట నున్నదో, కుక్కలెచ్చట నుండునో, వానకాలమున నల్లరేగడి బాట యేమగునో బిడ్డను నడిపించుకొనిపోవు తల్లికి తెలియును. ఆ తెలివి తీర్మానములోనికి ఎక్కుటకు మార్గము సభయే.

సభకు పోవు సోదరీమణుల కుపయోగపడునని కొన్ని మాటలు చెప్పెదము.

మొదట, సభ వేళను గూర్చియే మాటాడవలెను. కూలికి పోవు తల్లులున్న ఊరిలో కోతల కాలమున పగటివేళ సభ పెట్టుట తలుపు మూసి పిలిచినట్లే.

రెండవది, గతసభ తీర్మానములను చదివించుకొనవలెను. అందులో ఏది జరిగినది, ఏది జరుగలేదు, ఎందుచేత జరుగలేదు అని యొక్కొక్కటిగ అడుగవలెను. క్రొత్త తీర్మానములు చేయుటకంటె పాతవాని నడుగుట ముఖ్యము.

మూడవది, సొమ్ము లెక్క. బడికి ఈ యేడు ఎంత వచ్చినది, దేనికి వచ్చినది, ఎంత మిగిలినది? నెలసరుకు లెక్క చూచుకొను ఇల్లాలికి ఈ లెక్క కష్టమైనది కాదు. లెక్క అడుగుట అనుమానించుట కాదని చిరునవ్వుతో చెప్పిన చాలును. నిజాయితీ గల పంతులు ఆ ప్రశ్నకు సంతోషించును.

నాల్గవది, మధ్యాహ్న భోజనము. గోదావరి లంకలలో వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో మన రాష్ట్రపు బడిభోజనమునకు పెట్టబడినది. ఆ పేరునకు తగినట్లున్నదో లేదో రుచి చూచి చెప్పగలవారు స్త్రీలుగాక మరెవరు? నెలకొక దినము వంతుల ప్రకారము ఇద్దరు తల్లులు పోయి పిల్లలతో కూర్చుండి తినవలెను. వండువారును మనవంటి స్త్రీలే. వారి బిల్లులు వేళకు వచ్చుచున్నవా యని కూడ అడుగవలెను. అప్పు తెచ్చి వండువారి చేతి పప్పు చిక్కగా నుండదు.

ఐదవది, బడికి రాని పిల్లల పట్టిక. కోతలకు పొరుగు జిల్లాలనుండి వచ్చు కూలీలవెంట వారి బిడ్డలును వత్తురు. వారు మన ఊరి పిల్లలు కారని వారిని విడిచిపెట్టరాదు. మూడునెలలు మన చేలలో నుండు బిడ్డ ఆ మూడునెలలు మన బడి బిడ్డయే.

కడపటిది, చదువని కాగితముమీద సంతకము చేయరాదు. చదువు రానివారికి చదివి వినిపింపవలసిన బాధ్యత చదువు వచ్చినవారిది. మనలో పురాణము చదివి పదిమందికి వినిపించు స్త్రీలు ప్రతి వీధిలోను కలరు. మినిట్సు పుస్తకమును కూడ అట్లే చదివి వినిపింపరాదా? అదియును మన కథయే కదా!

భర్తలకు ఒక మాట. ఎన్నికైనది భార్య, కుర్చీలో కూర్చుండునది భర్త యనెడి వింతను పంచాయతీలలో చూచి చూచి జనులు నవ్వుట కూడ మానిరి. ఆమెకు తెలియదని మీరందురు. మొదటినాడు మీకును తెలియదు. సభకు ఆమెను పంపి, ఆ పూట బిడ్డను మీరు చూచుకొనుడు, అన్నము వార్చుడు. అంతకుమించిన సాయము మీరు చేయనక్కరలేదు. మా యింట సభలనాడు జరుగునది ఇదియే. అన్నము కొంచెము మెత్తబడును గాని ఎవరును పస్తుండరు.

గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారును లక్ష్మీబాయమ్మగారును 1922లో బాలికల చదువుకొరకు శారదానికేతనమును స్థాపించిరి. చీరాలకు చేరువనున్న వేటపాలెములో 1918లో మొలకెత్తిన సారస్వత నికేతనము పెద్ద గ్రంథాలయమై పేరుగాంచినది. ఇవి పైనుండి వచ్చిన ఉత్తరువులచే పుట్టినవి కావు. ఊరివారు కూడి, మాటాడుకొని, తలయొకంత చేయివేసి నిలిపినవి. మన నేలకు ఆ వాడుక కలదు. దానిలో మన పాలు మనము పుచ్చుకొనవలెను.

సోదరీమణులారా, వచ్చు నెలలో మీ బడినుండి సభకు చీటీ వచ్చును. దానిని పోపులడబ్బా వెనుక త్రోయక గోడకు తగిలింపుడు. ప్రక్కింటి యామెను వెంటబెట్టుకొని పొండు. ఒంటరిగ లేచి మాటాడుటకు గుండె దడదడలాడును గాని, ప్రక్కన తెలిసిన ముఖమున్న నోరు పెగలును. మీ బిడ్డను గూర్చి ఒకటి, ఊరి బిడ్డలను గూర్చి ఒకటి, రెండే ప్రశ్నలు తీసికొనిపొండు. సమాధానము వెంటనే రాకపోవచ్చును. ప్రశ్నను పుస్తకములో వ్రాయించి, వ్రాసినది చదివించుకొని, దాని క్రింద మీ చేవ్రాలు చేసి రండు.